మూడో గది నేల

వార్సాలోని ఆ పాత మహల్లో అడుగుపెట్టాలంటే నేల గీసుకుపోకుండా బూట్ల మీద మెత్తటి ఫెల్టు చెప్పులు తొడుక్కోవాల్సిందే. ఊడిపోతున్న చెప్పుల్ని ఈడ్చుకుంటూ, ఊరి నుంచి రైల్లో వచ్చిన చెల్లెలు మూడో గదిలో అక్క కోసం ఆగి ఆగి విసిగిపోయింది.

"ఇంకెంతసేపే అక్కా? పోస్టర్ల మ్యూజియం చూడాలి, నియాన్ బోర్డులది చూడాలి. ఆరింటికి రైలు!"

"ఉండవే, వెతుకుతున్నా."

"అందరూ పైకప్పు మీద బొమ్మలు చూస్తుంటే నీకీ నేల చూపులేంటి?"

"మహల్ బాగుచేసినప్పుడు ఈ చెక్క నేల నాన్న వేసిందే కదా."

"తెలుసులే, చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నా. చూశాంగా, ఇక పద."

"దొరికింది! ఇదిగో, కిటికీ కింద. ఈ ముక్క ఒక్కటే అడ్డంగా ఉంది, చూడు."

"ఛ! నాన్న పనిలో వంకరా? ఇది చూపించడానికా నా రోజంతా తగలేశావు?"

"నాన్న పెట్టలేదే. అమ్మకి జ్వరమని ఆరోజు నిన్ను పనికి వెంటబెట్టుకొచ్చాడు. నాలుగేళ్లు నీకు. ఆయన అటు తిరిగేసరికి జిగురు మీద నువ్వు పెట్టేశావు. పీకెయ్యమని మేస్త్రి ఎంత తిట్టినా నాన్న ముట్టుకోనివ్వలేదు. ఎప్పటికైనా నీకిది చూపిస్తూనే చెప్పమన్నాడు."

చెల్లెలు వంగి కుడికాలి చెప్పు, బూటు, మేజోడు విప్పేసి, ఆ ముక్క మీద పాదం ఆనించింది.

"ఏమ్మా, చెప్పు తొడుక్కోండి! నేల పాడైపోతుంది!" మూల కుర్చీలోంచి కాపలా ఆవిడ అరిచింది.

"అది పాడై యాభై ఏళ్లయిందమ్మా," అంది చెల్లెలు. "నేనే చేశాను."