ఒక్క గడీ ఖాళీ వదలకుండా

“ఎవరావిడ?”

“ఎవరు?”

“ఈ వేణ్ణీళ్ళ సంచి నా పొట్ట మీద పెట్టమని మీకు నేర్పినావిడ.”

“ఒకరు నేర్పాలా? చలిగా ఉందని కొన్నాను.”

“బయట ఎండ పేలిపోతుంటే చలా? పెళ్ళయి పదకొండేళ్ళు. నెలనెలా నేను తలనొప్పి అంటాను, మీరు తలనొప్పి మాత్ర ఇస్తారు. హాయిగా గడిచిపోతోంది. ఇవాళ పొద్దున్నే వచ్చి ‘ఇది మొదటి రోజా, రెండో రోజా’ అంటారా?”

“అడిగితే తప్పా?”

“అడగడం తప్పు కాదు. ఏం అడగాలో తెలియడం తప్పు. గడ్డలుగా పోతోందా అని కూడా అడిగారు. ఆ మాట మగాడి నోటికి దానంతటది రాదు.”

“పేపర్లో చదివాను.”

“పేపర్లో మీరు బదిలీల వార్త తప్ప ఏం చదువుతారు? పైగా ప్యాడ్లు తెచ్చారు. నేను వాడే రకం, నేను వాడే సైజు. ఉప్పు తెమ్మంటే పంచదార తెచ్చే మనిషి. అది కూడా నల్ల కవర్లో కాదు, చేత్తో పట్టుకుని వీధంతా నడిచొచ్చారు.”

“కవరు అడగలేదు. అవసరమేముంది?”

“అదిగో, ఆ ధైర్యం మీది కాదు. మీ పోస్టాఫీసులో పార్సిల్ కౌంటరుకి కొత్తగా వచ్చిందే, ఆవిడేనా?”

“ఆవిడా? తూకం మిషను పాడైందని తప్ప నాతో ఇంకో మాట మాట్లాడదు.”

“మిషను పాడైతే ఎవరూ అంత నవ్వరు. గేటు దగ్గర నిలబడి చూశాను.”

“నువ్వెప్పుడొచ్చావు?”

“మొన్న క్యారియరు మర్చిపోయి వెళ్ళారు కదా, తెచ్చాను. ఆ నవ్వులు చూసి, వెనక్కి పట్టుకొచ్చి నేనే తినేశాను.”

“అందుకా ఆ రోజు నాకు తిండి లేదు.”

“మాట మార్చకండి. ఆడది తన ఒంటి సంగతి ఒక మగాడికి చెప్పిందంటే ఇంక దాచడానికి మిగిలిందేముంది? కట్టుకున్నదాన్ని, నేనే చెప్పలేదు మీకు.”

“అదే నేనూ అంటున్నా. నువ్వెందుకు చెప్పలేదు?”

“ఇది మీ ప్రశ్నా, ఆవిడ ప్రశ్నా?”

“ఇద్దరిదీ.”

“అయితే ఉంది. ఆవిడంటూ ఒకావిడ ఉంది.”

“ఉంది. తన సంగతి ఎత్తనని మాటిచ్చాను.”

“మాటలిచ్చుకునేదాకా వచ్చిందా. ఇంకేం సెలవిచ్చింది మీ మహాతల్లి?”

“అలా అనకు. తర్వాత నువ్వే నాలిక్కరుచుకుంటావు.”

“అబ్బో, ఆవిడనంటే మీకు పొడుచుకొచ్చింది. వయసెంత?”

“యాభై రెండు.”

“ఎంతా?”

“యాభై రెండు. ఆదివారం ఆదివారం జుట్టుకి రంగేసుకుంటుంది.”

“ఆదివారం రంగేసుకునేది మా అమ్మ.”

“నేను పేరు చెప్పలేదు. మాట తప్పినట్టు కాదు.”

“ఉండండి. మా అమ్మా? మీరొస్తే తలుపు చాటునుంచి మాట్లాడే మా అమ్మా?”

“పోయిన బుధవారం బీపీ చూపించుకోవాలంటే ఆస్పత్రి దగ్గర దింపాను. రెండు నిమిషాల్లో ఒక కాగితం పట్టుకుని బయటికొచ్చింది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయిందట. ‘బాబూ, పేరూ అడ్రసూ అడుగుతున్నారు, రాసిపెట్టండి’ అంది. పేరు రాశాను, వయసు రాశాను, అడ్రసు రాశాను. నాలుగోది చూస్తే అది బీపీ కాగితం కాదు, ఆడవాళ్ళ డాక్టరుది. చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చింది?”

“పైకి చదివారా?”

“అలవాటు. కౌంటర్లో రోజుకి వంద ఫారాలు చదివి నింపుతాను.”

“అందులో ఏముందో అమ్మకి తెలియదా?”

“కళ్ళజోడుంటే తెలిసేది.”

“అక్కడైనా ఆపి తిరిగిచ్చేయాల్సింది.”

“ఇవ్వబోయాను. గడులు ఖాళీగా ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఖాళీ గడి ఉన్న ఫారం నా చేయి దాటలేదు.”

“ఖర్మ.”

“ఆవిడ మెట్ల మీద కూర్చుని, రోడ్డుకేసి చూస్తూ చెప్పడం మొదలెట్టింది. ఒకటడిగితే నాలుగు చెప్పింది. పదమూడో ఏటి నుంచీ. గడి చాలక పక్కన మార్జిన్లో రాశాను.”

“పదమూడో ఏట నాకేం చెప్పిందో తెలుసా? ఒక ప్యాకెట్టు చేతికిచ్చి ‘ఎవరికీ చెప్పకు’ అంది. పుట్టి బుద్ధెరిగాక ఈ విషయం మీద మా అమ్మ నాతో మాట్లాడింది ఆ రెండు మాటలు. మీకేమో మార్జిన్లు చాలలేదా?”

“అసూయా?”

“మండిపోతోంది. పార్సిల్ ఆవిడైనా ఇంత మండేది కాదు.”

“ఒక్క ప్రశ్న మాత్రం గొణిగాను. మొగుడితో కలిసినప్పుడు నొప్పి ఉంటుందా అని. ‘పెన్నిలా ఇవ్వండి, అవును ఏ వైపు, కాదు ఏ వైపు’ అంది. వేలితో చూపించి అటు తిరిగాను.”

“ఏ వైపు పెట్టింది?”

“చూడలేదు.”

“ఫారం చూడకుండా ఇచ్చారా? మీరు?”

“అవును వైపు. కాగితం చిరిగేంత గట్టిగా.”

“తర్వాత?”

“తిరిగొచ్చేటప్పుడు అంది, ‘మా అమ్మాయికీ ఇదే ఉంది. పెళ్ళికి ముందు స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చేది. నేను తలుపు బయట నిలబడి వినేదాన్ని. దాన్నడిగితే నాదీ చెప్పాల్సొస్తుందని అడగలేదు. మీరడగండి బాబూ, నా సంగతి మాత్రం ఎత్తకండి’ అని.”

“వినేదా?”

“వినేదట. తల్లికుంటే కూతురికీ ఉండొచ్చని డాక్టరు కూడా అందట. దానికి వైద్యం ఉందట. తలనొప్పి మాత్ర కాదు.”

“ఇన్నేళ్ళూ తలుపు బయట నిలబడి, వెళ్ళి మీకు చెప్పింది.”

“నాకు కాదు, ఫారానికి చెప్పింది. నర్సునడిగి ఇంకోటి తెచ్చాను, ఖాళీది. నీకిష్టమైతేనే. ఆ గొణిగిన ప్రశ్న నేను నిన్ను పదకొండేళ్ళ కిందటే అడగాల్సింది.”

“అడిగితే లేదనే చెప్పేదాన్ని.”

“ఇప్పుడడిగితే?”

“అందులో నొప్పికి మార్కులు వెయ్యమంటారా?”

“అడిగారు. పదికి ఎంత అని.”

“అమ్మ ఎంత వేసింది?”

“అది చెప్పకూడదు.”

“వయసు చెప్పారు, జుట్టు రంగు చెప్పారు. మార్కులు దాస్తారా?”

“ఏడు.”

“ఏడేనా?”

“ఏడే.”

“నాకు తొమ్మిది రాయండి.”