వెయ్యి మిషన్లు, ఒకటే హెచ్చరిక

వాతావరణ ఆఫీసులో కంప్యూటర్లు నడిపే మా బావ, రేవు పక్క టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని మొదలుపెట్టాడు.

"గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఆ రోజు నేను చేసింది చిన్న పనే. తుఫాను ఎటొస్తుందో లెక్క కట్టాలి. ఒక్క కంప్యూటర్ వల్ల అయ్యేది కాదు గదా, వెయ్యింటిని కలిపి, లెక్కని ముక్కలు చేసి తలో ముక్కా పంచుతాం. నేను కమాండ్ కొట్టా. అందులో ఒక మాట పాతబడిందట. 'ఈ ఆప్షన్ పాతది, కొత్తది వాడండి' అని హెచ్చరిక. సరే, చెప్పింది, విన్నాం. కానీ చెప్పింది ఒకటా? వెయ్యి మిషన్లూ వరసపెట్టి అదే మాట!"

"అచ్చం మా ఇంట్లో లాగే. అమ్మ చెప్పిందే అక్క, అక్క చెప్పిందే అత్త," అన్నాడు పక్కనే కూర్చుని వింటున్న టైలరు.

"నీకైతే వీధిలోకి పారిపోయే వీలుంది. ఇక్కడ ఆ వరద కింద అసలు సంగతి మునిగిపోయిందయ్యా! తుఫాను ఏ ఒడ్డుకొస్తుందో చెప్పే ఒక్క వరుసా కనబడట్లేదు. సముద్రంలో చూస్తే పడవలు. మా పెద్దాఫీసరు 'నువ్వే దిక్కు' అంటూ నా చేతులు పట్టుకున్నాడు. చేతులేంటి, కాళ్లే అనుకో! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ హెచ్చరిక స్క్రీన్ నిండి పక్క స్క్రీన్లోకి పొర్లింది. అక్కణ్ణించి ప్రింటర్లో దూరి కాగితాలు కక్కించింది, మోకాళ్ల లోతు! ఈదుకుంటూ తలుపు దాకా వెళ్లి చూద్దును గదా, లిఫ్టులో అంకెల బదులు అదే మాట, వీధి చివర సిగ్నల్ మీద అదే మాట, ఊళ్లో ప్రతి ఫోన్లోనూ అదే మాట!"

"నాకు రాలేదే," అన్నాడు బస్సు కండక్టరు.

"రీచార్జి చేయించావా నువ్వు? మధ్యలో అడ్డు రాకు! కీబోర్డు లాక్కున్నా. నా వేళ్ల వేగానికి పొగలొస్తుంటే పెద్దాఫీసరు పక్కన నిలబడి నీళ్లు చల్లుతున్నాడు. 'ఒరేయ్, మీలో మొదటోడొక్కడే ఈ మాట చెప్పాలి, మిగతావాళ్లు నోరు మూసుకోండి, కొత్త సంగతుంటే మాత్రం ఎవడైనా చెప్పొచ్చు' అని మిషన్లకి అర్థమయ్యేలా రాసి పారేశా. అంతే! గది గదంతా గప్‌చుప్. ఫ్యాను కూడా తిరగడానికి జంకింది. స్క్రీన్ మీద రెండే వరుసలు మిగిలాయి. ఒకటి ఆ హెచ్చరిక. రెండోది, తుఫాను సూటిగా మన రేవు మీదకే!"

"అయ్య బాబోయ్!" టీ కొట్టాయన పోస్తున్న టీ ఆపేశాడు.

"పడవలకి కబురు పెట్టే టైమెక్కడిది? కాగితాల్లో, వైర్లలో మిగిలిపోయిన హెచ్చరికలన్నీ పోగుచేసి, మూటకట్టి, మేడెక్కి గిరగిరా తిప్పి తుఫాను మొహాన కొట్టా! అన్ని లక్షల సార్లు 'పాతది, పాతది' అంటే దానికి మాత్రం రోషం ఉండదూ? తోక ముడిచి వెనక్కి తిరిగింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అన్నాడు బెంచీ చివర కూర్చున్న పడవ సరంగు. "ఆ రోజు నేను సముద్రంలోనే ఉన్నా."

బావ చేతిలో గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"తుఫాను కబురు మీ ఆఫీసు నుంచే రావాలి గదా బాబూ, అందరం ఫోన్లు చేత్తో పట్టుకుని కూర్చున్నాం. వచ్చింది. ఒకటి కాదు, ఊపిరి తీసుకోనివ్వకుండా. 'పాతది, కొత్తది వాడండి' అని. మా ఇంజిన్ని అంటున్నారేమో అనుకుని విప్పి చూశాం. మళ్లీ బిగించడం రాలేదు. చేతులు బొబ్బలెక్కేలా తెడ్లేసుకుంటూ ఒడ్డుకొచ్చి పడ్డాం."

"మరి తుఫాను?" అన్నాడు కండక్టరు ఆత్రంగా.

"తుఫానా? తడిసిన చొక్కా ఆరడానికి గాలి లేక చచ్చాం!"

టైలరు నవ్వీ నవ్వీ బెంచీ మీద నుంచి జారాడు. అందరూ బావ వైపు చూశారు. బావ తాపీగా మీసం తుడుచుకున్నాడు.

"మరి! గాలి కూడా మిగలకుండా తరిమానన్నమాట!"