గుండం తొక్కే మొగుడు

వాగు పొంగి రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయిన ఏడాది అది. ఆ మధ్యాహ్నం కట్టెల పొయ్యి దగ్గర ముసలమ్మ కొంగు అంటుకుంటే, ముసలాయన బిందెడు నీళ్లు గుమ్మరించి ఆర్పాడు. పొద్దుగూకినాక ముసలమ్మ మాట తీసింది.

"రేపటిసంది నేను కట్టెల పొయ్యి ముట్టియ్య. బిడ్డ కొనిచ్చిన గ్యాసు పొయ్యి మూలకు పడే ఉన్నది. దాని కింద ఎలుకలు పిల్లలు వెట్టినయ్."

"గ్యాసు వద్దంటి గదనే. పేల్తది."

"ఏటేటా వీరన్న జాతరల నిప్పుల గుండం తొక్కుతవ్. గింత పొయ్యికి భయమా?"

"గుండంల వీరన్న ఉంటడు. సిలిండర్ల ఎవలుంటరు?"

"మరి కట్టెల పొయ్యిల నాకెవలున్నరయ్యా?"

"సీతమ్మ అగ్గిల దుంకితే ఏమైంది? ఎంటిక గూడ కమరలే."

"ఆమె ఒక్కపారే దుంకింది. నాది పొద్దుమాపు దుంకుడే. పైంగ కూరల ఉప్పు లేదని నీతోని మాటలు వడుడు. సీతమ్మకు గా బాధ లేకుండె."

ముసలాయనకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

"మా అక్క కిరసనాయిలు స్టవ్వు పేలే సచ్చింది. నీకెరుక లేదా?"

"ఎరుకే. గందుకే ఇన్నేండ్లు నోరు మూసుకున్న. గని ఇయ్యాల నీళ్ల బిందె దగ్గర లేకుంటే, రేపు నా గురించి గూడ గిట్లనే చెప్పుకుందువు."



మరునాడు పొద్దున్నే ముసలాయన పక్కింటి కోడలిని పిలిచి గ్యాసు పొయ్యి బిగించుకున్నాడు. ముసలమ్మను వాకిట్లోకి తోలి, తడి గోనెసంచి కప్పుకుని, తానే ముట్టించి చాయ పెట్టాడు.