మావిస్ బామ్మ మాట ఎవరికీ అర్థం కాలేదట

హలో… ఆ, నేనే బామ్మా. టామ్సిన్‌ని. మీ కీరన్ పెళ్ళాన్ని…

అబ్బ, ఆ గొంతేంటి! ఏ జమీందారిణి ఇంటికో పోయింది ఫోన్ అనుకున్నా…

తెలుసులే. ఫోనెత్తితే నీకు ఆ గొంతే వస్తుంది. మీ వయసు వాళ్ళందరూ అంతే. మా అమ్మమ్మ పాలవాడితో కూడా ఫోన్లో అలాగే మాట్లాడేది… హమ్మయ్య, ఇప్పుడు దిగింది. ఇదీ నీ గొంతు.

…బాగానే ఉన్నా. కాదులే, బాగాలేను. అలిసిపోయాను. చెవుల్లో జోరీగలు తిరుగుతున్నాయి…

కీరనా? ఇంట్లోనే. పొద్దున మీ ఊరి ఓట్‌కేక్ అట్టులో చీజ్ పెట్టి, చుట్టి ఇచ్చాడు. పైన కాగితం మీద ‘శ్రీమతిగారికి’ అని రాశాడు. పెళ్ళై ఆరు వారాలైంది, రోజూ రాస్తాడు. నేను ఆ కాగితాలన్నీ దాచుకుంటున్నా… నవ్వకు. నూనె మరకలతో సహా దాచుకుంటున్నా.

…సౌండ్ స్టూడియోలోనే. మధ్యాహ్నం మూడైంది. చెప్పులు విప్పేసి, బల్ల కింద కాళ్ళు చాపుకుని కూర్చున్నా. బామ్మా… నీతో ఒక పని పడింది. సినిమాలో నీ మాట ఉంది కదా… అదే, పింగాణీ ఫ్యాక్టరీ మూసేసే రోజు సీను. కప్పు అంచుకి బంగారు గీత గీస్తూ పక్కనున్న పిల్లతో అంటావు… ఆ, అదే. అది ఒక్కసారి చెప్పు. నెమ్మదిగా. స్పష్టంగా.

…ఊరికే.

…ఊరికే కాదు. సరే, చెప్తాను. విను. మొన్న లండన్లో వందమందికి సినిమా వేసి చూపించారు. విడుదలకి ముందు అలా చూపించి చీటీలు రాయించుకుంటారు. డెబ్బైమంది నీ సీను దగ్గర ఒకటే మాట రాశారు… ‘ముసలావిడ ఏమందో అర్థం కాలేదు’ అని…

తిట్టలేదు, బామ్మా. ఎవరూ తిట్టలేదు. …ఒకాయన మాత్రం ‘ఫ్యాక్టరీలోకి బాతు ఎందుకొచ్చింది’ అని రాశాడు… అవును మరి! స్టోక్‌లో చిన్నా పెద్దా అందర్నీ బాతూ అనే పిలుస్తారని లండన్ వాళ్ళకేం తెలుసు? నాకు మాత్రం తెలుసా? మొదటిసారి నువ్వు ‘రా బాతూ, కూర్చో’ అంటే వెనక్కి తిరిగి చూశాను. నెలరోజులు మీ ఇంట్లో నువ్వేమన్నా తలూపేదాన్ని. అలా ఊపే కదా, ఆరు ఓట్‌కేక్‌లు తిన్నది…

ఆ. అదే చెప్తున్నా. ఐదింటికల్లా… నీ గొంతు తీసేసి ఇంకొకావిడ గొంతు పెట్టమన్నారు.

…హార్గ్రీవ్‌గారు. నిర్మాత. …లండన్ నటి. కింద కూర్చుని టీ తాగుతోంది. మంచావిడే, పాపం.

…అవును. పెదాలు నీవే. మాట ఆవిడది.

…బామ్మా?

…వీధి వీధంతా చెప్పావని తెలుసు. హాన్లీ థియేటర్‌కి అందర్నీ తీసుకెళ్ళడానికి బస్సు మాట్లాడావని కీరన్ చెప్పాడు. అందుకే ఫోన్ చేశా. నిన్ను ఆ వేషానికి తీసుకోమంది నేనే కదా. నలభై ఏళ్ళు నిజంగా ఆ గీతలు గీసిన మనిషి ఉంటే నటులెందుకని వాదించిందీ నేనే… ఇప్పుడు నా చేత్తోనే నీ గొంతు తీసెయ్యాలా?

ఒక్క దారుంది. నువ్వు స్పష్టంగా చెప్పగలిగితే, మీ ఊరి రేడియోవాళ్ళని అడిగి ఉంచా. పది నిమిషాల్లో రికార్డు చేసి పంపిస్తారు. ఏదీ, చెప్పు. ఎలా ఉంటుందో వింటా…

ఊఁ…

…ఆగాగు. మళ్ళీ ఆ గొంతే! ‘గీతను వంకరగా పోనివ్వవద్దు, అమ్మాయీ’ ఏంటి? …వినపడింది. ప్రతి అక్షరం గంట కొట్టినట్టు వినపడింది. కానీ అందులో నువ్వు లేవు. ఉద్యోగం పోయిన మనిషిలా లేవు, ఫ్యాక్టరీ కొనడానికొచ్చిన దొరసానిలా ఉన్నావు.

…అవును, పాత సినిమాల్లో అలాగే మాట్లాడేవాళ్ళు. వెనక బెంచీకి కూడా వినపడేది, ఒప్పుకుంటా. కానీ బామ్మా, ఆ సినిమాల్లో మీ ఊరివాళ్ళలా మాట్లాడినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? …పనిమనిషి. …ఇంకా? …దొంగ. సరే, ఆ దొంగది మాత్రం స్టోక్ యాసేనా? …లండన్ వాడు నోరు వంకర తిప్పి మాట్లాడాడు. అదీ సంగతి.

…ఇప్పటివా? ఇప్పుడు అన్ని ఊళ్ళ యాసలూ ఉన్నాయి, ఒక్క ముక్కా వినపడదు. నోట్లో వేడి బంగాళదుంప పెట్టుకున్నట్టు మాట్లాడతారు. అదే సహజమట. నేనూ కీరన్ ఇంట్లో కింద అక్షరాలు వేసుకుని చూస్తాం. మా సొంత భాష సినిమాలకి! రోజంతా మాటలు శుభ్రం చేసేదాన్ని నేనే, ఇంటికెళ్ళి చదువుకుంటా…

ఆ గొంతెక్కడ నేర్చుకున్నావసలు? …శనివారం సినిమా చూసొచ్చి, సోమవారం గీతలు గీసే గదిలో అందరూ దొరసానుల్లా మాట్లాడుకునేవాళ్ళా? అయ్యో, ఎంత బాగుంది! …నిజంగా? ఆ గొంతుతో బట్టల షాపులో ఉద్యోగం కూడా తెచ్చుకున్నావా? …ఎన్నాళ్ళు చేశావు? …తొమ్మిది రోజులేనా! ఎందుకు మానేశావు? …దవడ నొప్పా! అబ్బా, బామ్మా… ఉండు, నవ్వలేక చస్తున్నా…

…ఏంటి? …వాళ్ళకేం వినపడిందో నీకూ వినిపించాలా? సరే. స్పీకర్ దగ్గర పెడతా ఫోన్. ఇదిగో, థియేటర్లో వేసింది వేసినట్టు…

…విన్నావా?

…చప్పుడా? అది కప్పులు తిప్పే యంత్రం. పక్క గదిలో నడుస్తున్నట్టు. షూటింగ్‌లో లేదు, తర్వాత మేమే కలిపాం. …వయొలిన్లు. పన్నెండు వయొలిన్లు. దర్శకుడు జూలియన్ వేయించాడు, మూసేసే రోజు కదా, అందరూ ఏడవాలని…

…ఏమన్నావు?

…మళ్ళీ చెప్పు.

…నిజంగా మూసేసిన రోజు మధ్యాహ్నమే యంత్రాలు ఆపేశారా? …అన్నీ? …అంటే ఏమీ చప్పుడు లేదా? …కుంచె రంగులో ముంచితే వినపడేంత…

…ఎవరో సీసా మూత తిప్పితే అందరూ తలలెత్తి చూశారా.

…లేదు బామ్మా. మాకెవరూ చెప్పలేదు. అడగలేదు కూడా. ఫ్యాక్టరీ అంటే చప్పుడుంటుందిలే అనుకున్నాం. చదువుకున్నవాళ్ళం కదా.

ఉండు. ఫోన్ పెట్టెయ్యకు. …యంత్రం చప్పుడు తీసేస్తున్నా. …వయొలిన్లు… ఒకటి… రెండు… మొత్తం పట్టీ తీసేస్తున్నా. జూలియన్ నన్ను చంపుతాడు. …ఏదో కాస్త గాలి చప్పుడు ఉంచుతా, మరీ చెవిటితనంలా లేకుండా. …ఇప్పుడు విను. నీ నోరు నేను ముట్టుకోలేదు. నువ్వు ఆ రోజు ఎలా అన్నావో అలాగే…

‘గీత వంకర పోనియ్యకు బాతూ. రేపు దీంట్ల చాయ్ తాగేటోడు వీళ్ళు ఏడ్సుకుంట గీసిన్రనుకుంటడు. తాగి గీసిన్రనుకున్నా పర్వలే.’

…బామ్మా?

…అవును. నువ్వే. అంత గరుగ్గా ఏం లేదు… బాగుంది. నీకు అర్థమైతే అది లెక్కలోకి రాదనుకో, నీ మాట నీకర్థం కాదా. నాకు అర్థమైనా లెక్కలోకి రాదు, ఓట్‌కేక్‌లు తిని తిని నాకు అలవాటైంది. ఏమీ తెలియనివాడెవడైనా వినాలి…

ఉష్… మెట్లమీద అడుగులు. ఆయనే. పెట్టెయ్యకు, అలాగే ఉండు.

…సర్, ఇంకా ఐదు కాలేదు. …లేదు సర్, ఆవిణ్ణి ఇంకా పైకి పిలవలేదు. …తెలుసు సర్. …ఒక్కసారి ఇది వినండి. పదిహేను సెకన్లు. కూర్చోకపోయినా పర్లేదు… కొత్త రికార్డింగ్ కాదు, పాతదే. చుట్టూ ఉన్నది తీసేశా, అంతే… వేస్తున్నా.

…

…

బామ్మా. విన్నావా? ఫోన్లో వినపడిందా? …దగ్గు కాదు. నవ్వారు. హార్గ్రీవ్‌గారు నవ్వారు.

…ఆగు, ఏదో అంటున్నారు. …సర్? …మళ్ళీ వెయ్యాలా? …అలాగే సర్.

…

బామ్మా, కింద ఉన్న ఆవిణ్ణి ఇంటికి పంపించెయ్యమన్నారు. వచ్చినందుకు డబ్బులిచ్చి, క్షమించమని చెప్పి పంపమన్నారు. …నిజంగా. …నీ గొంతే. …జూలియన్ ఒప్పుకోకపోతేనా? గొడవే. ఇవాళ ఇంకో మూడు గంటలు గొడవ. హార్గ్రీవ్‌గారు ‘వయొలిన్ల సంగతి నువ్వే చెప్పు’ అని నా నెత్తిన పెట్టి వెళ్ళిపోయారు…

…లేదు, ఏడవట్లేదు. అలసట, అంతే.

బామ్మా, ఒకటి చెప్పనా… రెండు వారాలుగా ఆ మాట రోజూ వింటున్నా. రెండు వందలసార్లు విని ఉంటా. ముందుకి జరిపి, వెనక్కి జరిపి, శబ్దం పెంచి, తగ్గించి… ఒక్కసారి కూడా నవ్వలేదు. అది నవ్వొచ్చే మాటని ఆయన నవ్వేదాకా నాకు తెలియలేదు. నేను అక్షరాలే విన్నా.

…ఆ. ఇప్పుడు నవ్వుతున్నా.

…సరే, వెళ్తున్నా. కిందావిడ టీ అయిపోయుంటుంది, పాపం… ఉంటా, బామ్మా. ఉంటా.