ముత్యమ్మ ఫిర్యాదు

బీరంగూడలో ఒక కిరాయిల్లు. హెడ్ కానిస్టేబుల్ మొగులయ్య సైబర్ నేరాల శిక్షణకు పోతున్నాడు. రేపు అక్కడ పరీక్ష. ఉద్యోగమంతా గద్దించి బతికిన మనిషికి అణకువగా అడగడం భార్య ముత్యమ్మ నేర్పుతున్నది.

“మల్లోపారి వస్త. నువ్వు ఠాణాల కూసున్నవ్, నేను ఫిర్యాదు తెచ్చిన. నమస్తే సారూ.”

“ఏందమ్మా, ఏం లొల్లి?”

“ఇగో, మొదట్లనే ఫెయిలు. లొల్లి అంటవా? శిక్షణల మీ సారు ఏమని చెప్పిండు?”

“కూసోవెట్టి నీళ్లియ్యాలె అన్నడు.”

“మరి ఇయ్యి.”

“నిజంగనే తేవాల్నా?”

“పెండ్లయిన కాడికెల్లి నీ చేతి నీళ్లు తాగలే. పరీక్ష పుణ్యాన తాగుత.”

“తాగు, తాగు. నవ్వుతవేందే? రేపు తప్పితే మల్ల పటాన్‌చెరు చౌరస్తల నిలవడి లారీల పొగ మింగాలె. పాసైతే కంప్యూటర్ సెల్లు, నీడపట్టున కుర్సీ.”

“గందుకే గద నేర్పుతున్న. సారూ, ఎవడో నా బిడ్డ పేరు మీద నెట్టుల దొంగ పేజీ పెట్టిండు. ఫోటో పెట్టిండు, ఇంటి ఫోన్ నంబర్ పెట్టిండు. పాడు రాతలు రాసిండు.”

“నీ బిడ్డ నెట్ సెంటర్‌కు ఎందుకు వోయింది?”

“ఫెయిలు.”

“గది గూడ అడగొద్దా?”

“రోడ్డు మీద గొలుసు గుంజుకవోతే, రోడ్డు మీదికి ఎందుకొచ్చినవని అడుగుతరా?”

“అడుగుతం.”

“అడుగుతరు, నాకెర్కే. మీ సారేమన్నడు?”

“తప్పు చేసినోనిది, వచ్చినోళ్లది కాదని బోర్డు మీద రాసి మాతోని చదివించిండు. సరే, సరే. అమ్మా, ఆ పేజీ ఎప్పుడు సూసిన్రు?”

“గిప్పుడు మనిషి లెక్క అడిగినవ్. మొన్న సూసింది సారూ. జల్దీ తీసేపియ్యిన్రి, మీకు దండం వెడ్త.”

“పరేషాన్ గాకమ్మా. ఇప్పుడే పోయి మొత్తం తుడిపిస్త, ఒక్క అక్షరం—”

“తుడిపిస్తవా? నిన్న అన్నం తినుకుంట నువ్వే చెప్పినవ్. ముందుగాల తుడుస్తే వాని జాడ గూడ పోతదని.”

“అవ్, అవ్. ముందుగాల ఆ పేజీని కాయితం మీద అచ్చు తీయాలె, టైము రాసుకోవాలె, అటెన్కనే తీసేపియ్యాలె. ఏం జేద్దునే, గుడుంబ సారా పట్టుకుంటే అక్కడికక్కడ పారవోసిన చెయ్యాయె.”

“గిది గుడుంబ కాదు. పారవోస్తే దొంగ నవ్వుతడు. ఇగ అడుగు.”

“ఫోన్లు వస్తున్నయా అమ్మా?”

“వస్తున్నయి. ఆడోళ్లు ఎత్తితే పాడు మాటలు. మొగోడు ఎత్తితే చప్పుడు లేకుంట కట్.”

“మనింట్ల గూడ గట్లనే కట్టయితున్నది. నేను ఎత్తుడే ఆలశం. లైన్ల ఏదో తేడా ఉన్నది, ఎక్స్ఛేంజోళ్లకు చెప్పాలె.”

“చెప్తువుగని. ఇగ అడుగు.”

“ఎవరి మీదన్న అనుమానం ఉన్నదా?”

“సంగారెడ్డి కాలేజిల ఒకడున్నడు. నాతోని మాట్లాడకపోతే నీ సంగతి సూస్త అన్నడంట.”

“మరి బిడ్డ గప్పుడే ఎందుకు చెప్పలే?”

“గది గద్దించుడా, అడుగుడా?”

“అడుగుడే. మెల్లగనే అన్న గద.”

“నాయినకు భయపడ్డది సారూ. తెలుస్తే కొడ్తడు, కాలేజి బంద్ వెడ్తడని. అన్నం సక్కగ తింటలేదు. రాత్రిళ్లు నా పక్కల పండుకొని ఏడుస్తది.”

“గసొంటి నాయిన గూడ ఉంటడా? ఆయనను నా తానికి తోల్కరా, నేను చెప్త. బిడ్డ భయపడేటట్టు ఇంట్ల ఉంటే ఠాణాకు ఎట్లొస్తది?”

“బాగ చెప్పినవ్. బిడ్డకేం చెప్పాలె?”

“తప్పు ఆమెది కాదని చెప్పు. కాలేజి బంద్ వెట్టుడు లేదు. వాన్ని పట్టుకునుడు మా పని. భయపడొద్దని చెప్పు.”

“మల్ల అను.”

“తప్పు ఆమెది కాదు. భయపడొద్దు.”

“జెర గట్టిగ అను.”

“గట్టిగనా? ఇందాకటి సంది మెల్లగ, మెల్లగ అని పానం తీస్తివి. తప్పు ఆమెది కాదు. భయపడొద్దు. చాలా? ఇప్పుడన్న పాసా?”

“నాకేమెర్క, ఆమెనే చెప్పాలె. స్వరూపా, విన్నవా బిడ్డా? ఇగ లోపలి అర్ర తలుపు తియ్యి, మీ నాయిన ఏమనడు.”