జలపాతం దగ్గరి ఫోటో

జలపాతం పార్కు గేటు పక్కన బోర్డు మీది ఫోటో చూడగానే ఆమె ఆగి గార్డును అడిగింది.

“ఈ అబ్బాయెవరు బాబూ?”

“మా గైడండి. పోయిన వానల్లో కొట్టుకుపోతున్న ఇద్దరు పిల్లల్ని ఒడ్డుకి చేర్చాడు. మళ్లీ దూకాడు, ఇక పైకి రాలేదు.”

“దూకాడా? వాడికి నీళ్లంటే చచ్చేంత భయం!”

టికెట్లు చింపుతున్న గార్డు చేయి ఆగిపోయింది.

“మీకు తెలుసామ్మా?”

“నా తమ్ముడు. ఎనిమిదేళ్ల కిందట నాతో గొడవపడి ఇల్లొదిలి వెళ్లిపోయాడు. ఈతెప్పుడు నేర్చుకున్నాడు?”

“ఇక్కడే. నేనే నేర్పానమ్మా.”

ఆమె బోర్డును గట్టిగా పట్టుకుంది.

“మరి మళ్లీ ఎవరికోసం దూకాడు?”

“ఇంకో పాప ఉందని ఎవరో అరిచారమ్మా. ఆ పాప అప్పటికే ఒడ్డున, వాళ్లమ్మ చంకలో ఉంది.”