పుట్టుకతో కాదు

రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగు చర్చి. 1974, ఒక శనివారం మధ్యాహ్నం. పాస్టరు జోగయ్య, మర్నాడు బాప్తిస్మం తీసుకోబోతున్న ఆసుపత్రి ఆయా అప్పలనరసమ్మ.

"మళ్ళీ అడుగుతున్నాను నరసమ్మా. పుట్టుకతోనే నేను పాపిని అని ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకోను."

"రేపు సంఘం ముందు కూడా ఇలాగే అంటావా?"

"ఇలాగే అంటానయ్యగారూ. ఇవాళొకటి రేపొకటి నాకు సేతకాదు."

"బాప్తిస్మం తీసుకున్న అందరూ అన్న మాటే కదమ్మా. సూరిబాబు అన్నాడు, సూరమ్మ అంది..."

"ఆళ్ళిష్టం ఆళ్ళది. ఇరవై రెండేళ్ళుగా కాన్పుల వార్డులో ఉన్నాను. బిడ్డ పడగానే ముందు పట్టేది నేను. తెలుగోళ్ళ బిడ్డలు, బెంగాలీలు, ఇక్కడోళ్ళు. నెత్తురు తుడిసేను, ఉమ్మనీరు తుడిసేను. పాపం ఎక్కడా తగల్లేదు."

"అది చేతికి తగిలేది కాదు. ఆదాము నుంచి మన స్వభావంలోనే దిగింది. రెండేళ్ళ పిల్లాడు పక్కవాడి బిస్కెట్టు లాక్కుంటాడు. ఎవరు నేర్పారు?"

"అదే పిల్లాడు సగం కొరికి తల్లి నోట్లో పెడతాడు. అదెవరు నేర్పారు?"

"మాటకి మాట కాదమ్మా..."

"మా ఊళ్ళోనూ ఇదే గోల. ఎనకటి జన్మలో పాపం సేసేవు, మా వీధిలోకి రాకు అని పెద్దకులపోళ్ళు అనీవోరు. అక్కడ ఎనకటి జన్మ, ఇక్కడ ఆదాము. నేను సెయ్యనిది నా నెత్తినెట్టడమేటి?"

"అయితే నీకు బాప్తిస్మం దేనికి? పాపం లేనిదానివి నీళ్ళలో దిగడం దేనికి?"

"పాపం లేదని నేనన్నానా?"

"ఇంతసేపూ అదే కదా..."

"పుట్టుకతో లేదన్నాను. గంగాభవాని అని... మీరు రాక మునుపే పోయింది. మా ఆయన బంగారయ్య ఉంచుకున్న మనిషి. మా ఎనక క్వార్టర్ల లైన్లోనే కాపరం పెట్టాడు."

"ఊఁ."

"దానికి నెప్పులొచ్చిన రోజు ఆయన ఊళ్ళో లేడు. బిడ్డ అడ్డం తిరిగింది. దాని చెల్లెలు పరిగెత్తుకొచ్చి నా తలుపు కొట్టింది."

"నువ్వు డ్యూటీలో ఉన్నావా?"

"అందరితో అలాగే సెప్పేను. ఇంట్లోనే ఉన్నాను. గడియేసుకున్నాను. అక్కా, అక్కా అని పిలుస్తానే ఉంది. లేచి రెండడుగులేసేను. మళ్ళీ కూకున్నాను."

"తల్లీ బిడ్డా?"

"ఇద్దరూ."

"నువ్వు వెళ్ళినా బతికేవారో లేదో..."

"ఏమో. అడ్డం తిరిగిన బిడ్డల్ని నేను సరిసెయ్యగలను. అంతకు ముందు సేసేను, ఆ తరవాతా సేసేను. అంతే, అదొక్కటే సెయ్యలేదు."

"విను నరసమ్మా. మనిషి స్వభావం అలాంటిది. అందుకే ఆ మాట. అందరిలాగే అది అనెయ్. ఇదంతా ఎవరికీ తెలియక్కర్లేదు."

"అందుకే అననంటున్నాను. ఆ మాటంటే తప్పు ఆదాముదైపోద్ది. ఆదాము గడియెయ్యలేదు. ఎల్దామని లేచిన కాళ్ళూ నావే, ఎనక్కి తిరిగిన కాళ్ళూ నావే."

"మరి రేపు నన్నేం అడగమంటావు?"

"ఏం సేసేవని అడగండి. సంఘం ముందు ఉన్నదున్నట్టు సెప్తాను. ఆ తరవాత నీళ్ళలో దింపుతారో, గేటు సూపిస్తారో మీ మర్జీ."

"బంగారయ్యకి ఇది తెలుసా?"

"తెలీదు. నేను డ్యూటీలో ఉన్నాననే ఇంతవరకూ నమ్ముతున్నాడు. రేపు రానంటే నేనే ఒప్పించేను. ముందు వరసలో కూకోబెట్టండి."